యాష్ క్యూని ఎలా చూసుకోవాలంటే

ఒరేయ్ శ్రీనూ,

నీ స్నూకర్ క్యూ (బంతుల్ని కొట్టే యాష్ చెట్టు కర్ర) షాఫ్ట్, అంటే ముందువైపు సన్నని భాగం, జిగటగా ఉంది, వేళ్ల మధ్య జారట్లేదు, ఉప్పుకాగితంతో రుద్దనా అని అడిగావు. వద్దురా! రుద్దిన ప్రతిసారీ కర్ర కాస్త సన్నబడుతుంది, చివర తొడిగిన ఇత్తడి గొట్టం, అదే ఫెర్యూల్, మాత్రం అలాగే ఉంటుంది. కొన్నాళ్లకి రెండూ కలిసే చోట గోటికి తగిలే మెట్టు ఏర్పడుతుంది. దాన్ని సరిచేయడం మన చేతుల్లో ఉండదు.

ఆ జిగట చెమట, చేతి జిడ్డు, క్యూ మొనకి రుద్దే చాక్ పొడి కలిసి తయారైంది. చాక్ అంటే బడిలో సుద్దముక్క లాంటిది అనుకోకు. 1897లో అమెరికాలో పేటెంట్ అయిన రకం దగ్గర్నుంచీ అది గరుకైన ఖనిజాల పొడే, పైగా రంగు కలుపుతారు. యాష్ కర్ర రంధ్రాలు పెద్దవి కాబట్టి ఆ పొడి లోపలికి దిగి నీలంగానో పచ్చగానో ఉండిపోతుంది. అందుకే ఆట అయిన వెంటనే తుడిచెయ్యాలి, మర్నాటికి వదిలెయ్యకూడదు.

ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ముక్క ఒకటి దగ్గర పెట్టుకో. రోజూ దాంతో పొడిగా తుడిస్తే చాలు. ఇప్పుడున్న జిగటకి మాత్రం ఇంకో గుడ్డని గోరువెచ్చని నీళ్లలో ముంచి, చుక్క కూడా రాలనంత గట్టిగా పిండు. జానెడు మేర తుడువు, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టు, ఆ తర్వాతే ఇంకో జానెడు. మొత్తం ఒకేసారి తడిపావంటే కర్రలోని నారలు నీళ్లు తాగి పైకి లేస్తాయి, షాఫ్ట్ ఇప్పటికంటే గరుకవుతుంది. చివర్లో పొడిగుడ్డని పిడికిట్లో పట్టుకుని కర్ర వెచ్చబడేదాకా వేగంగా రుద్దు. యాష్ మీద బాణం మొనల్లా కనిపించే నల్లగీతలు మురికి కాదు, కర్ర సహజమైన చార. వాటి జోలికి పోకు.

నూనె సంగతి. పచ్చి అవిసె నూనె వాడు. కొబ్బరినూనె అస్సలు వద్దు, అది ఆరిపోయే రకం కాదు, ఎప్పటికీ జిడ్డుగానే ఉంటుంది. నాలుగైదు చుక్కలు గుడ్డ మీద వేసుకుని షాఫ్ట్ అంతా పల్చగా పట్టించు. పావుగంట ఆగి, పైన మిగిలిందంతా పూర్తిగా తుడిచెయ్యి. జిగట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది: ఎక్కువ పూస్తారు, సరిగ్గా తుడవరు. ఆ తర్వాత కనీసం ఒక రోజు ఆడకు. ఏడాదికి రెండు మూడుసార్లు పూస్తే చాలు. షాఫ్ట్‌కి వార్నిష్ ఉంటే నూనె లోపలికి ఇంకదు, పూసినా దండగే. నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకు సుమా. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. బయట పరిచి ఆరనియ్యి.

ఫెర్యూల్ మీద అంటించే తోలు బిళ్ళ, అదే టిప్పు, ఊడిపోతోందన్నావు. పాత జిగురు పూర్తిగా తీయకుండా దానిమీదే కొత్తది అంటించి ఉంటారు. ఫెర్యూల్ ముఖాన్ని ఇత్తడి మెరిసేదాకా శుభ్రం చెయ్యి, అంచులు మాత్రం గుండ్రబడనియ్యకు. చదునైన బల్ల మీద ఉప్పుకాగితం పరిచి టిప్పు అడుగుభాగాన్ని రెండు మూడుసార్లు లాగు. ఉప్పుకాగితం పనికొచ్చేది టిప్పుకే, కర్రకి కాదు. జెల్ సూపర్‌గ్లూ ఒక్క చుక్క వేసి, సరిగ్గా మధ్యలో పెట్టి, నిమిషం నొక్కిపట్టు. బాగా గట్టిపడ్డాక క్యూని తలకిందులుగా చెక్క మీద నిలబెట్టి, పక్కలకి వచ్చిన తోలుని పదునైన బ్లేడుతో పైనుంచి కిందికి కొయ్యి. మొద్దు బ్లేడయితే తోలు పీచులు లేస్తుంది. ఫెర్యూల్‌కి టేపు చుట్టి, తర్వాతే పక్కలు నునుపు చేసి, పైన గుమ్మటంలా గుండ్రం చెయ్యి. ఆడుతూ ఆడుతూ ఆ గుండ్రం అణిగి నిగనిగలాడితే చాక్ పట్టదు, టిప్పు బంతి మీద జారి మిస్‌క్యూలు మొదలవుతాయి. అప్పుడు కాస్త గరుకు చేసుకో.

గోడకి వాలుగా ఆనించి వదిలెయ్యకు, వంగిపోతుంది. కేసులో పెట్టు. ఎండలో కారులో మాత్రం వద్దు, జిగుర్లు సడలుతాయి. క్యూ రెండు ముక్కల్ని కలిపే జాయింట్ మరల్లో చాక్ పొడి చేరితే పొడి బ్రష్‌తో దులుపు, చేత్తో బిగిసినంతే బిగించు.

కొత్త టిప్పు కొనేముందు ఫెర్యూల్ వ్యాసం కొలిచి చూడు. 9.5 మి.మీ. అయితే 10 మి.మీ. టిప్పు తీసుకో, పక్కలు కోసుకోడానికి ఆ అరమిల్లీమీటరు కావాలి. కొలత రాసి పంపు.

నీ,
రఘు