ఆన్‌లైన్ పాఠానికి ముందు తర్ఫీదు కావాలి

సంపాదకుల వారికి,

ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదివి క్రెడిట్లు పొందవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021లో నిబంధనలు తెచ్చింది. 2016 నిబంధనల్లో ఇది 20 శాతమే. పరిమితి రెట్టింపైంది. చెప్పేవాళ్లూ వినేవాళ్లూ అందుకు సిద్ధమయ్యారా అన్నదే నా దిగులు.

2020 మార్చిలో కళాశాలలు మూతపడ్డప్పుడు నేను డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఏళ్ల అనుభవం ఉన్నా ఫోను ముందు కూర్చుంటే చేతులాడలేదు. తరగతిలో పిల్లల ముఖాలు చూసి ఎక్కడ ఆగాలో తెలుసుకునేవాణ్ని. తెరపై పేర్లే కనిపించేవి. ఒకమ్మాయి ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి పొలం నుంచి వచ్చాకే ఆమె చేతికందేది. పగటి పాఠాలన్నీ పోయాయి. మరో అబ్బాయి సిగ్నల్ కోసం చెరువుగట్టు ఎక్కేవాడు. ఇక ప్రయోగాల సంగతి: ఒక ద్రావణాన్ని మరోదానిలో చుక్కచుక్కగా కలిపి గాఢత కనుక్కునే టైట్రేషన్‌లో రంగు మారే క్షణాన్ని వీడియోలో ఎన్నిసార్లు చూసినా, చుక్కలు వదిలే గాజు గొట్టం బ్యూరెట్ కుళాయి తిప్పే చేతికి పట్టు రాదు.

ఆ తర్వాత నేను హాజరైన శిక్షణల్లో యాప్ వాడటం నేర్పారు. గంట పాఠాన్ని ముక్కలుగా ఎలా విడగొట్టాలో, ప్రశ్న ఎక్కడ వేయాలో, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిషు వీడియోను ఎలా విడమరచాలో ఎవరూ చెప్పలేదు. అసలు కష్టం అక్కడే ఉంది.

ఏ విద్యార్థికి సొంత ఫోను ఉందో, ఎవరి ఊరికి సిగ్నల్ అందుతుందో విశ్వవిద్యాలయాలు సెమిస్టరుకు ముందే లెక్క తీయాలి. పాఠాలను తక్కువ డేటాతో వినేలా ఆడియోగానూ ఇవ్వాలి. ప్రయోగాలను మాత్రం ల్యాబులోనే ఉంచాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం