బాయిలర్ చచ్చేదాకా ఆగొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

న్యూయార్క్‌లో పెద్ద బిల్డింగులకు కార్బన్ జరిమానాలు పడతాయని మీ పేపర్లో వార్త వచ్చిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. కోఆప్ (బిల్డింగంతా ఒక సంస్థది, అందులో షేర్లు కొన్నవాళ్ళు ఇళ్ళలో ఉంటారు) అమ్మేసి న్యూజెర్సీ వెళ్ళిపోదామని కొందరు, ఆ జరిమానా ఏదో కట్టేస్తే పోలా అని కొందరు. నేను క్వీన్స్‌లో ఆరంతస్తుల కోఆప్‌లో ఉంటాను, నాలుగేళ్ళుగా బోర్డులో ట్రెజరర్‌ని. గ్యాస్ బిల్లులు, కరెంటు బిల్లులు అన్నీ నా చేతిమీదుగానే పోతాయి కాబట్టి, ఈ రెండు వర్గాలవాళ్ళూ పొరబడుతున్నారని కాస్త ధైర్యంగానే చెప్పగలను.

ముందు చట్టం సంగతి. 2019లో నగర కౌన్సిల్ చేసిన లోకల్ లా 97 ఇది. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులకు గ్యాస్, కరెంటు వాడకం వల్ల ఏడాదికి ఇంత కార్బన్ అని ఒక హద్దు ఉంటుంది, దాన్ని దాటితే ప్రతి మెట్రిక్ టన్నుకు 268 డాలర్లు, అదీ ఏటా. మొదటి హద్దు 2024 నుంచి 2029 వరకు, చాలా అపార్ట్‌మెంట్ బిల్డింగులు దాన్ని సులభంగానే దాటకుండా ఉన్నాయి. 2030 నుంచి వచ్చే హద్దు అపార్ట్‌మెంట్లకు దాదాపు సగానికి తగ్గుతుంది, ఆ తర్వాత ఇంకా బిగుస్తూ 2050 దాకా వెళ్తుంది.

మా బిల్డింగు లెక్క చెప్తాను, గుండ్రని అంకెల్లో. లక్ష చదరపు అడుగులు, వంద ఇళ్ళు. ఏడాదికి 60,000 థర్మ్‌ల (గ్యాస్‌ను కొలిచే యూనిట్) గ్యాస్, అందరి ఇళ్ళలో వాడేదీ కలిపి 5 లక్షల యూనిట్ల కరెంటు. ఇప్పటి లెక్కలో ఇది 463 టన్నులు, హద్దు 675, కాబట్టి హాయిగా ఉన్నాం. 2030లో కరెంటుకు కట్టే కార్బన్ లెక్క సగానికి తగ్గుతుంది, కాబట్టి మేం వేలు కదపకపోయినా మా మొత్తం 391కి దిగుతుంది. కానీ అప్పటి హద్దు 335. అంటే 56 టన్నులు ఎక్కువ, జరిమానా ఏడాదికి సుమారు 15,000 డాలర్లు. ఇంటికి నెలకు పదమూడు డాలర్లు కూడా రాదు. దీనికి భయపడి ఇల్లమ్ముకుంటారా ఎవరైనా?

అలాగని కట్టేసి ఊరుకుందాం అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది, ఎందుకంటే అసలు సమస్య జరిమానాలో లేదు, బేస్‌మెంట్‌లో ఉంది. బిల్డింగంతటికీ వేడి, వేడినీళ్ళు ఇచ్చే మా గ్యాస్ బాయిలర్ 1996లో పెట్టింది. కిందటేడాది కాక ఆ ముందటేడు, జనవరిలో, తెల్లవారుజామున ఐదింటికి మా సూపర్ (బిల్డింగు బాగోగులు చూసే ఉద్యోగి) ఫోన్ చేశాడు, బాయిలర్ రూమ్ నేలంతా నీళ్ళని. లోపలి ట్యూబులు పగిలాయి. ఇక్కడ అక్టోబర్ నుంచి మే దాకా, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లబడితే పగటిపూట ఇంట్లో కనీసం 68 ఉంచాలని రూలు, ఆరోజు బయట ఇరవై కూడా లేదు. రోడ్డుమీద ట్రక్కులో అద్దె బాయిలర్ తెప్పించి, పైపు కిటికీలోంచి లోపలికి లాగాం. వచ్చిన కాంట్రాక్టర్ చెప్పింది ఒకటే, అదే సైజు గ్యాస్ బాయిలర్ అయితే త్వరలో తెప్పిస్తాను, ఇంకేదైనా కావాలంటే ఏడాది పడుతుంది అని. ఆ క్షణంలో బోర్డులో ఐదుగురం సరే అనడానికి సిద్ధపడ్డాం. ట్యూబులు మార్చితే ఇంకొన్నేళ్ళు నడుస్తుందని ఇంకో మెకానిక్ చెప్పబట్టి గట్టెక్కాం.

ఆరోజు కొత్తది కొని ఉంటే ముప్పయ్యేళ్ళు దానికే కట్టుబడిపోయేవాళ్ళం. ఈ మధ్యలో హద్దులు మారిన ప్రతిసారీ జరిమానా పెరుగుతూనే ఉండేది, వాయిదాలు మాత్రం గ్యాస్ బాయిలర్‌కే కడుతూ ఉండేవాళ్ళం. నెలకు పదమూడు డాలర్లు అనేది మొదటి మెట్టు మాత్రమేనని కట్టేద్దామనేవాళ్ళు మర్చిపోతున్నారు.

అందుకే ఇప్పుడు నేను ఒక పెద్ద కాగితం మీద ఏది ఎప్పుడు చస్తుందో రాసుకున్నాను. రూఫ్ 2028లో మార్చాలి. కోఆప్ పేరుమీద ఉన్న బిల్డింగు అప్పు, అంటే మార్ట్‌గేజ్, 2029లో మళ్ళీ తీసుకోవాలి. బాయిలర్ బహుశా 2032. ఈ మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తేగానీ నాకు విషయం అర్థం కాలేదు. రూఫ్ ఎలాగూ తవ్వుతున్నప్పుడే హీట్ పంపుల (గ్యాస్ బదులు కరెంటుతో బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రాలు) బయటి యూనిట్ల కోసం స్టీలు దిమ్మెలు పెట్టించేస్తే, నాలుగేళ్ళ తర్వాత కొత్త రూఫ్‌కు మళ్ళీ బొక్కలు పెట్టే పని తప్పుతుంది. మార్ట్‌గేజ్ మళ్ళీ తీసుకునేటప్పుడే పనికి సరిపడా కలిపి తీసుకుంటే ఒక్కసారిగా ఇంటికి ఇంతని అదనపు వసూలు, అంటే అసెస్‌మెంట్, వేయనక్కర్లేదు, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళకు అదే పెద్ద టెన్షన్.

అన్నిటికన్నా ముందు కరెంటు. మా పాత బిల్డింగులో మైక్రోవేవ్, ఏసీ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోయే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి వైరింగు మీద వంద ఇళ్ళ హీటింగ్ ఎక్కించడం కుదరదు. వీధిలోంచి లోపలికి వచ్చే కేబుల్ పెద్దది కావాలి, దానికి కరెంటు కంపెనీకి అర్జీ పెట్టుకుని వాళ్ళు లెక్కలు చూసుకునే వరకు ఆగాలి, బాయిలర్ పగిలాక పెడితే ఆలస్యమే. మా బోర్డులో ఇది చెప్తే, ఇంకా చాలా ఏళ్ళుందిగా అన్నారు.

పెద్దగా డబ్బు పెట్టకుండా దొరికే తగ్గింపు కూడా కొంత ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మూడో అంతస్తులో ఉండే ఒక బామ్మగారు జనవరిలో కిటికీ తెరిచి పడుకుంటారు, రేడియేటర్ అంత మండుతుంది. ఐదో అంతస్తు చివరి ఇంట్లో మాత్రం స్వెటర్ లేకుండా కూర్చోలేరు. ఇది గ్యాస్ లోటు కాదు, ఆవిరి సమంగా పోకపోవడం. రేడియేటర్ మీద గాలి వదిలే చిన్న వెంట్లు మారిస్తే, బాయిలర్ కంట్రోలు సరిచేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇక పెద్ద పనుల్లో మొదటిది, హీటింగ్ జోలికి పోకుండా స్నానాల వేడినీళ్ళను ముందు హీట్ పంపుకు మార్చడం. మాకు నీళ్ళు కాచడానికే ఏడాదికి సుమారు 15,000 థర్మ్‌లు అవుతున్నాయి. దాన్ని మార్చితే, అదనపు కరెంటు తీసేసినా 60 టన్నుల దాకా తగ్గుతుందని నా లెక్క, అంటే ఆ ఒక్క పనితోనే 2030 హద్దు లోపలికి వచ్చేస్తాం. బాయిలర్‌కు వేసవి సెలవు కూడా దొరుకుతుంది!

ఒకటి నిజాయితీగా చెప్పాలి. హీట్ పంపు అంటే ఖర్చు తగ్గిపోతుందని అమ్మేవాళ్ళు చెప్తారు, ఇక్కడి కరెంటు ధరకు గ్యాస్ కన్నా బిల్లు పెరిగే అవకాశమే ఎక్కువ. పైగా ఇప్పటిదాకా హీటింగ్ ఖర్చు నెలనెలా అందరూ కట్టే మెయింటెనెన్స్‌లో కలిసి ఉంది, రేపు అది ఇంటి మీటరు మీద పడితే ఎవరి హీటు ఎవరు కడుతున్నారన్న గొడవ మొదలవుతుంది. మెయింటెనెన్స్‌లో ఆ వాటా ఎలా తగ్గించాలో ముందే తీర్మానం రాసుకోకపోతే, పని మొదలయ్యాక బోర్డుకు వేయి ఫోన్లు వస్తాయి. అన్ని ఇళ్ళ గోడలూ పగలగొట్టాల్సిన అవసరం లేదన్నది మాత్రం కాస్త ఊరట, మామూలు ప్లగ్‌తో నడిచే కిటికీ హీట్ పంపులను ఇక్కడే క్వీన్స్‌లో, వుడ్‌సైడ్ హౌసెస్‌లో నగర హౌసింగ్ అథారిటీ పెట్టి పరీక్షించింది.

కొత్తగా కోఆప్ గానీ కాండో (ఇల్లు సొంత పేరుమీదే ఉండే అపార్ట్‌మెంట్) గానీ కొనే మనవాళ్ళు కిచెన్ కౌంటర్, స్కూల్ జోన్ చూసినంత శ్రద్ధగా బిల్డింగు దాచుకున్న రిజర్వ్ ఫండ్ చూడరు. బాయిలర్ వయసెంత, 2030 లెక్క వేయించారా, మార్ట్‌గేజ్ ఎప్పుడు ముగుస్తుంది అని బ్రోకర్ చేత బోర్డుకు అడిగించండి. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

చివరగా మీ వార్తలో ఒక చిన్న లోటు. టన్నుకు 268 డాలర్లని పెద్ద అక్షరాల్లో వేశారు, ఏటా ఎంత కార్బన్ విడుదలైందో నగరానికి ఇవ్వాల్సిన రిపోర్టు సంగతి వదిలేశారు. చట్టంలో మొదటి రిపోర్టు గడువు 2025 మే 1గా పెట్టారు, ఇంజినీరు గానీ ఆర్కిటెక్టు గానీ సంతకం చేయాలి, ఆ తర్వాత ఏటా ఇవ్వాలి. అసలు ఇవ్వకపోతే చదరపు అడుగుకు నెలకు 50 సెంట్లు. మా బిల్డింగుకు అది నెలకు 50,000 డాలర్లు, మూడేళ్ళ కార్బన్ జరిమానా కన్నా ఎక్కువ. ఈసారి రాసేటప్పుడు అది పైన వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, క్వీన్స్, న్యూయార్క్