బుజ్జీ, ఒకసారి ఫోన్ ఎత్తు

చిరంజీవి బుజ్జికి నాన్న దీవెనలు.

అమ్మ పంపుతున్న పార్సిల్లోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. ఆవకాయ సీసాకి గుడ్డ కట్టి రెండు కవర్లు చుట్టింది, తీయగానే నిలబెట్టి ఉంచు. ఆదివారం నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పని ఎక్కువై ఉంటుందనుకుంటున్నాం. వేళకి తింటున్నావా?

మామ్మకి మోకాలు కాస్త నయం. పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించేద్దామని పెద్దనాన్న అంటున్నారు, నాకు ఇష్టం లేదు. వరాలు పిన్ని కొడుకు చంటి కనపడకుండా పోయిన సంగతి టీవీలో చూసే ఉంటావు.

చూసిందంతా నమ్మకు. పెద్దచెరువు గట్టున చెప్పులు దొరికాయని మొదట ఒక చానల్ వేసింది. గంట తిరక్కుండా ఇంకో చానల్ 'చెరువులో దూకాడా?' అంది. సాయంత్రానికి ఆ ప్రశ్న గుర్తు ఎగిరిపోయి 'దూకాడు' మిగిలింది. ఆ చెప్పులు నేను వెళ్ళి చూశాను. ఎడమదాని మడమ అరిగిపోయింది, తెగిన పట్టీని ఇనప తీగతో బిగించారు. అడుగున నంబరు ఆరు. చంటిది తొమ్మిది. పదో తరగతిలో వాడికి సరిపడే బూట్ల కోసం వరాలు పిన్ని గంటస్తంభం దగ్గర షాపులన్నీ తిరిగింది, నువ్వూ వెంట వెళ్ళావు. చెప్పు తిరగేసి చూడాలని వార్త వేసినవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు లోన్ యాప్ అప్పులన్నారు. ఆ తర్వాత ఎవరో అమ్మాయన్నారు. 'పోలీసులు అనుమానిస్తున్నారు' అనే మాట ఎలా పుడుతుందో అన్నేళ్ళు స్టేషన్ రైటర్‌గా చేసిన నాకు తెలుసు. రాత్రి పేజీలు కట్టే వేళకి విలేకరి ఫోన్ చేసి "ప్రేమ వ్యవహారం ఏటైనా ఉందేటండీ?" అంటాడు. ఎత్తిన కానిస్టేబుల్ "ఏమో, అదీ అయ్యుండొచ్చు" అంటాడు. తెల్లారేసరికి అది పోలీసుల అనుమానం. మిగతావాళ్ళు దాన్నే తిప్పి రాస్తారు, నాలుగు చోట్ల వచ్చింది కాబట్టి నిజమేనంటారు జనం. నాలుగింటికీ మూలం ఆ ఒక్క ఫోన్. అందుకని ఏ వార్తయినా ఎవరు చెప్పారు, వాళ్ళు కళ్ళారా చూశారా, ఎప్పటి మాట అనేది చూడు. చంటి ఎఫ్ఐఆర్ నేను చదివాను. 'మ్యాన్ మిస్సింగ్' అని రాసి వయసు, ఎత్తు, ఒంటిమీది బట్టలు, పుట్టుమచ్చలు, ఆఖరిసారి కనిపించిన చోటు ఇచ్చారు. అప్పూ లేదు, అమ్మాయీ లేదు. స్నేహితుల పేర్లు కూడా ఏవీ లేవు.

24 గంటలు ఆగి రమ్మన్నారని కూడా ఒక పేపర్లో వచ్చింది. అలా ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమైతే ఏ స్టేషన్‌కి వెళ్ళినా ఫిర్యాదు తీసుకోవలసిందే. ఇక్కడ ఆ సాయంత్రమే తీసుకున్నారు కూడా.

మన సూరి సంగతి గుర్తుందా? 2023 జూన్ 2. వాడు ఖరగ్‌పూర్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఒడిశాలో బాలేశ్వర్ దాటాక బహనాగా బజార్ దగ్గర బండి పడిపోయిందని రాత్రి టీవీలో వచ్చింది. వాడి ఫోన్ స్విచాఫ్. రిజర్వేషన్ చార్టులో పేరు కనపడగానే ఒక చానల్ వాడి ఫేస్‌బుక్ ఫొటో తీసి 'గల్లంతు' అని వేసింది, పొద్దున్నకి 'మృతుల్లో విజయనగరం వాసి' అయ్యాడు. మీ మావయ్య కారు మాట్లాడుకుని ఫొటో పట్టుకుని బాలేశ్వర్ బయల్దేరిపోయాడు. అత్త ఒంటిమీద స్పృహ లేదు. ఊళ్ళోవాళ్ళు వచ్చి అరుగుమీద కూర్చున్నారు, ఎవరో టెంటు సంగతి కూడా ఎత్తారు. మధ్యాహ్నం టీకొట్టువాడి ఫోన్ నుంచి సూరి! ఆటో ఆలస్యమై రైలు తప్పిపోయిందట, ఫోన్‌లో చార్జింగ్ లేక రాత్రంతా ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడట. చార్టులో పేరుంటే టికెట్ కొన్నాడనే అర్థం, రైలెక్కాడని కాదు. సర్కారు లెక్కే ముందు 288 మంది అన్నారు, కొన్ని శవాల్ని రెండుసార్లు లెక్కపెట్టామని 275కి దించారు, మళ్ళీ 288కి వచ్చారు. చనిపోయాడనుకున్న కొడుకుని ఒక తండ్రి హౌరా నుంచి వెళ్ళి వెతికి, శవాల మధ్య చెయ్యి కదలడం చూసి తెచ్చుకున్నాడు. అందుకే వరాలు పిన్నికి ధైర్యం చెబుతున్నాను.

అలాగని మంచి కబురూ వెంటనే నమ్మలేం. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానంలో 29 మంది, వాళ్ళలో ఎనిమిది మంది విశాఖ ఎన్ఏడీ (నౌకాదళ ఆయుధాల డిపో) వాళ్ళు. ఒకరి ఫోన్ మోగుతోందని వార్తలొచ్చాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఎంత ఆశపడి ఉంటారు! విమానం శకలాలు సముద్రంలో 3,400 మీటర్ల లోతున ఉన్నాయని 2024 జనవరిలో తేలింది.

చంటి ఫోన్ కూకట్‌పల్లి టవర్ చూపించిందని నిన్న ఒక చానల్ చెప్పింది. స్టేషన్‌లో కనుక్కున్నాను, ఆ మాట వాళ్ళు అనలేదు. కానీ కూకట్‌పల్లి అనగానే మీ అమ్మ నా మొహం చూసింది. జంతికలు రెండు పొట్లాలు కట్టింది, ఒకటి కారం తగ్గించి. నువ్వు కారం తక్కువ ఎప్పుడు తిన్నావు? నేను అడగలేదు.

నిన్నూ నిలదీయడం లేదు బుజ్జీ. వాడికి 23 ఏళ్ళు, మేజర్. నా ఇష్టంతోనే వచ్చాను, క్షేమంగా ఉన్నాను అని పోలీసుల ముందు స్టేట్‌మెంట్ ఇస్తే ఇక్కడ కేసు మూసేస్తారు. ఇష్టం లేకుండా ఇంటికి లాక్కురావడానికి ఎవరికీ హక్కు లేదు. ఎక్కడుంటున్నదీ ఇంట్లో చెప్పొద్దని వాడు పోలీసుల్ని అడగొచ్చు. ఇది మనసులో పెట్టుకో. వాడు నీ దగ్గరకి రాకపోయినా, ఆఖరిసారి ఏం మాట్లాడుకున్నారో ఎస్సైగారికి చెప్పు. విలేకరులు ఫోన్ చేస్తే ఒక్క ముక్క చెప్పకు, వాడి ఫొటోలు ఎవరికీ పంపకు.

వరాలు పిన్ని టీవీ సౌండ్ తీసేసి రోజంతా చానళ్ళు మారుస్తోంది. రిమోట్ వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసుకుంది. అన్నం పెడితే పక్కన పెట్టేస్తోంది.

అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. నాతో అనలేనిదైతే అక్కతో అను. అక్కతోనూ వద్దనుకుంటే, వాడిచేతే వాళ్ళమ్మకి ఒక్కమాట చెప్పించు. ఆవిడ నంబరు మారలేదు.

నాన్న