టీకాల పెట్టె గురించీ, తాళం వేసిన మైదానం గురించీ మీకు చెప్పవలసిన మాట

మన శిక్షణశాలకు కుక్కపిల్లలను తీసుకొచ్చే కుటుంబాల వారికీ, తెల్లవారుజామున వేట జాతి కుక్కలైన గ్రేహౌండ్లనూ ముధోల్ హౌండ్లనూ పరుగుకు తీసుకొచ్చే మిత్రులకూ నమస్కారం.

మైదానం గేటుకు తాళం పడి మూడు వారాలు కావస్తోంది. "మరమ్మతులు జరుగుచున్నవి" అని గేటుకు వేలాడుతున్న అట్ట నేను రాసిందే. అందులో ఉన్నది నిజం కాదు. మరమ్మతులేవీ జరగలేదు.

ఏప్రిల్ చివరి ఆదివారం మన ఆవరణలో 23 కుక్కపిల్లలకు వేయించిన మొదటి టీకా, దారిలో చల్లదనం పోయిన పెట్టెలోంచి వచ్చింది. అది తెలిశాక ఆ 23 ఇళ్లకూ నేనే స్వయంగా ఫోన్ చేసి చెప్పాను. వాటిలో 22 పిల్లలకు నా ఖర్చుతో మళ్లీ టీకా వేయించాను. మిగిలిన ఒక్క పిల్లకు పార్వో అనే, పేగులను దెబ్బతీసే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు సోకింది. ఐదు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉండి బతికి బయటపడింది. తక్కిన వాళ్లకు ఈ విషయం తెలియాల్సిన పని లేదనీ, వ్యాపారంలో ఇలాంటివి గుట్టుగా సర్దుకోవాలనీ నా మేలు కోరేవాళ్లు ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పదకొండేళ్లుగా నా మాట మీద నమ్మకంతో మీ పిల్లలను నా చేతికిస్తున్న మీరు ఈ సంగతిని మరెవరి నోటనో వినడం నాకు సమ్మతం కాదు.

పెట్టె శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. ఏప్రిల్ చివర హైదరాబాదు ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ ఎండలో థర్మాకోల్ పెట్టెను స్కూటరు వెనక తాడుతో కట్టి తెచ్చారు. మా దగ్గర పనిచేసే అబ్బాయి మూత తీసి చూసి, "అక్కా, ఐసంతా నీళ్లయిపోయింది, లోపల వెచ్చగా ఉంది" అన్నాడు. ఆ సమయంలో నేను ఎవరితోనో ఫోన్‌లో ఫీజుల విషయం మాట్లాడుతున్నాను. "ముందు ఫ్రిజ్‌లో పెట్టెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాను. ఆ తర్వాత చూడలేదు. ఆదివారం డాక్టరుగారు వచ్చే సరికి సీసాలన్నీ చల్లగా, వరసగా ముచ్చటగా ఉన్నాయి. ఆమె నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కాబోలు. పదకొండేళ్లలో ఎప్పుడూ అడగాల్సిన అవసరం రాలేదు గనుక ఆమె అడగలేదు. ఇందులో ఆమె తప్పు ఇసుమంతైనా లేదు.

పార్వోకూ, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుకూ వేసే టీకాల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. తయారైన చోటు నుంచి సూదిలోకి ఎక్కేదాకా దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉంచాలి. వేడికి ఆ వైరస్ చచ్చిపోయినా సీసా అడుగున ఉండే తెల్లటి గడ్డ రంగు మారదు, ద్రావణం పోస్తే ఎప్పటిలాగే కరుగుతుంది, సూదిలోకీ ఎప్పటిలాగే ఎక్కుతుంది. పాలు విరిగితే చూడగానే తెలుస్తుంది, టీకా విరిగితే తెలియదు. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పోయిన శక్తి తిరిగి రాదు.

సరఫరాదారు ఎనిమిదేళ్లుగా నాకు మందు ఇస్తున్న మనిషి. పేరు చెప్పను. అడిగితే మొదట "ఎండాకాలంలో ఐసు కరగకుండా ఎలా ఉంటుంది మేడమ్, ఏమీ కాదు" అన్నారు. దారిలో ఎంత వేడి తగిలిందో చూపే నమోదు ఏదైనా ఉందా అంటే, అలాంటిది ఇంతవరకు ఎవరూ అడగలేదన్నారు. అదీ నిజమే, ఎనిమిదేళ్లలో నేనూ అడగలేదు. విడిగా కొనేకంటే టోకున నేను తెప్పిస్తే ఒక్కో డోసు మీద మీకూ నాకూ కాస్త మిగులుతుందన్న లెక్కతో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు ఆయన పెద్దమనసు చేసుకుని ఒక దారి చూపించారు. పెట్టెలో వచ్చిన 25 సీసాల్లో వాడనివి రెండు మిగిలాయి కదా, వాటిని వెనక్కి పంపితే బదులుగా కొత్తవి రెండు ఇస్తారట. 23 పిల్లల శరీరాల్లోకి వెళ్లిన దాని గురించి మాట లేదు. ఆ రెండు సీసాలు నేను పంపలేదు, పంపను. మందు విలువ చేసి కాదు, ఆ మాట నా ఒంటికి పట్టలేదు.

పిల్లకు పార్వో రావడానికి ఆ టీకాయే కారణమని నేను రుజువు చేయలేను. తల్లి జున్నుపాలతో వచ్చిన రక్షణ పిల్ల రక్తంలో ఇంకా మిగిలి ఉంటే మంచి టీకా కూడా దాని ముందు నిలవదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి డోసు తిరిగి వేయాలంటారు. మొదటి డోసు వేసుకున్నంత మాత్రాన ఏ పిల్లకూ పూర్తి రక్షణ ఉండదు. ఇది నేను తప్పించుకోవడానికి చెప్పడం లేదు. డాక్టరుగారు ఆ పిల్ల ఇంటివారికి ఈ మాట చెబుతుంటే పక్కనే ఉండి విన్నాను, ఊరట కలగలేదు.

టీకా వేసిన పదకొండో రోజు, గురువారం, ఆ లాబ్రడార్ పిల్ల వాంతులు చేసుకుని రక్తంతో విరేచనాలు పెట్టుకుంది. పరీక్షలో పార్వో అని తేలింది. అంతకు నాలుగు రోజుల ముందు, ఆదివారం తరగతిలో, అది మరో ఎనిమిది పిల్లలతో కలిసి మన గడ్డి మైదానంలో ఆడింది. లక్షణాలు కనిపించడానికి కొన్ని రోజుల ముందు నుంచే మలంలో వైరస్ వెలువడుతుంది. అబ్బాయి శుక్రవారంనాటి పెట్టె సంగతి నాకు గుర్తుచేసింది అప్పుడే.

ఆ గురు, శుక్రవారాల రాత్రులు నాకు నిద్ర లేదు. ఈ పిల్లలకు రెండో డోసు ఎలాగూ నెలకు ఉంది. నోరు మూసుకుని ఉన్నా, అప్పుడు మంచి మందు పడితే అంతటితో సర్దుకునేది. లేదా ఏదో సాకు చెప్పి రెండు వారాల ముందే పిలిపించవచ్చు. "డాక్టరుగారు ఊరికి వెళ్తున్నారు, ఈసారి డోసు ముందుగా వేయిస్తున్నాం" అని వాట్సాప్‌లో రాశాను కూడా. పంపకుండా తుడిచేశాను, మళ్లీ రాశాను, మళ్లీ తుడిచేశాను.

ఇందులో భయం ఎంత ఉందో మొండితనమూ అంతే ఉంది. కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా చూడడం నేర్చుకునే కాలం మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకానే ఉంటుందనీ, టీకాలన్నీ పూర్తయ్యేదాకా నాలుగు గోడల మధ్య దాచిన పిల్ల పెద్దయ్యాక ఆటో శబ్దానికి వణుకుతుందనీ, మొదటి డోసు వేసిన వారం తర్వాత శుభ్రమైన చోట, ఆరోగ్యమైన పిల్లల మధ్యకు తీసుకురావడమే మేలనీ పదకొండేళ్లుగా మీకు నూరిపోస్తున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. నాలుగు నెలల దాకా గడప దాటించవద్దని పట్టుబట్టిన ఒక పెద్దాయనతో ఇదే మైదానంలో అందరి ఎదుటా వాదించి ఆయన మనసు కష్టపెట్టాను కూడా. ఇప్పుడు తరగతి ఆపితే ఆయన మాటే గెలిచినట్టు అవుతుంది. ఆపకపోతే, రక్షణ ఉందో లేదో తెలియని పిల్లలను రోగం పడిన గడ్డి మీదికి నేనే పిలిచినట్టు అవుతుంది. "పిల్లల నేర్చుకునే వయసు దాటిపోతుంది, అందుకే తరగతి ఆపకూడదు" అని రెండు రాత్రులు నాకు నేను చెప్పుకున్న మాటలో సగం పిల్లల మేలు ఉంటే, మిగతా సగం నా పరువు ఉంది. శనివారం ఉదయం ఆరున్నరకు మొదటి ఫోన్ చేశాను. పదకొండున్నరకు 23వ ఇల్లు పూర్తయింది. ఇద్దరు కోప్పడ్డారు. ఒకరు మాట పూర్తి కాకుండానే పెట్టేశారు. వాళ్ల కోపం న్యాయమే.

సజీవ టీకాకూ సజీవ టీకాకూ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలని డాక్టరుగారు చెప్పారు గనుక, సరిగ్గా పద్నాలుగో రోజైన ఆదివారం నుంచి 22 పిల్లలకూ మళ్లీ టీకాలు వేశాం. ఈసారి మందు ఆమె వేరేచోట నుంచి, ఉష్ణోగ్రత చూపే మీటరు పెట్టిన పెట్టెలో, స్వయంగా తెచ్చారు. ఇక మీదట మందు కొనుగోలు నా చేతిలో ఉండదు. డోసుకు ఖర్చు కాస్త పెరుగుతుంది. పెరిగిన ఆ తేడా ఈ ఏడాదికి నేనే భరిస్తాను. ఆ ఆదివారం తరగతికి వచ్చిన ఎనిమిది పిల్లలకూ ప్రమాదకాలమైన 14 రోజులు దాటాయి, అన్నీ క్షేమంగా ఉన్నాయి.

మైదానం విషయం వేరు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి, నీడపట్టున ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది. మన ఇళ్లలో వాడే ఫినాయిల్ వాసన వేస్తుందే కానీ దాన్ని చంపదు. ముందు మురికి కడిగేసి, ఒక వంతు బ్లీచ్‌కు ముప్ఫై వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచితే సిమెంటు నేల శుభ్రపడుతుంది. గడ్డినీ మట్టినీ అలా కడగలేం. కాబట్టి వచ్చే వేసవి దాకా ఆ మైదానంలోకి కుక్కపిల్లలు రావు. వెనక వరండాకు సిమెంటు చేయిస్తున్నాను. పిల్లల తరగతి జూన్ మూడో వారంలో అక్కడ మొదలవుతుంది. వేచి ఉండడం ఇష్టం లేని వారికి కట్టిన ఫీజు మొత్తం తిరిగి ఇస్తాను. కారణం చెప్పనక్కర్లేదు.

అంతవరకు పిల్లను నేల మీద దించకుండా లోకం చూపించండి. చంకన ఎత్తుకునో బుట్టలో పెట్టుకునో వీధి మలుపు దాకా వెళ్లి పది నిమిషాలు నిలబడండి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు విప్పే మనిషి, కర్రతో నడిచే తాతగారు, పాల బండి, అన్నీ దానికి కనిపించాలి. ఇంట్లో కుక్కర్ కూత వేసే సమయానికి దాని నోట్లో ఒక చిన్న ముక్క పెట్టండి. టార్పాలిన్ మీద, స్టీలు పళ్లెం మీద, తడి నేల మీద నడిపించండి. టీకాలన్నీ పూర్తయిన, మీకు బాగా తెలిసిన పెద్ద కుక్క ఏదైనా ఉంటే ఇంటికి పిలిపించండి. చెప్పులు గడప బయట విడవడం మనకు ఎలాగూ అలవాటే, ఈ రెండు నెలలు చుట్టాల విషయంలో కూడా మొహమాటపడకండి.

ఇక హౌండ్ల యజమానుల మాట. "పిల్లల టీకాకూ మా గ్రేహౌండ్ పరుగుకూ సంబంధమేమిటి" అని మీలో చాలామంది ఇప్పుడు అడగవచ్చు. గేటు మూసినందుకు ఒకరైతే తమ కుక్కను సవతి బిడ్డలా చూస్తున్నానన్నారు. ఆ మాట నన్ను నొప్పించింది. హైదరాబాదులో గ్రేహౌండ్స్ అంటే 1989లో పెట్టిన పోలీసు దళమే గుర్తుకొచ్చే రోజుల్లో, ముధోల్ హౌండంటే నిర్మల్ జిల్లా ముధోల్‌దనుకుని అక్కడికి వెళ్లి వెతికిన వాళ్లకు అది కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ అని చెప్పాల్సి వచ్చిన రోజుల్లో, ఈ జాతుల కోసమని ఆరడుగుల కంచె వేయించిన మనిషిని నేను. గంటకు 60 కిలోమీటర్ల పైన పరుగెత్తగల ప్రాణికి ఉడుత కనబడితే యజమాని పిలుపు చెవికెక్కదు, కంచె లేనిచోట గొలుసు విప్పకూడదని మీకు చెప్పింది కూడా నేనే. మైదానం మూసింది మీ కుక్కలన్నిటికీ వార్షిక టీకాల కార్డులు సరిచూసుకోవడానికి. చూశాను. ఆ పెట్టెలోని మందు వాటిలో ఒక్కదానికీ పడలేదు, అన్నిటికీ రక్షణ ఉంది.

సోమవారం ఉదయం ఐదింటికి గేటు తెరుస్తాను. ఆరున్నరకు మూస్తాను, ఈ ఎండల్లో ఆ తర్వాత పరుగు మంచిది కాదు. తల కంటే మెడ లావుగా ఉండే ఈ కుక్కలకు మామూలు పట్టీ జారిపోతుంది కాబట్టి, లాగినప్పుడు కొంచెమే బిగిసే మార్టింగేల్ పట్టీ లేనిదే లోపలికి రానివ్వను, ఈ నియమంలో మార్పు లేదు. కొత్తది ఒకటే: ఇంట్లో నాలుగు నెలలు నిండని పిల్ల ఉన్నవారు దయచేసి రావద్దు. మీ హౌండ్‌కు ఏమీ కాకపోయినా దాని పాదాలకు అంటిన మట్టి ఆ పిల్లదాకా వస్తుంది. మిగతా వారికి గేటు దగ్గర బ్లీచ్ నీళ్ల తొట్టి పెడుతున్నాను, అది మీ బూట్లకు మాత్రమే. వీటి చర్మం పలుచన, కుక్కలను అందులో దించకండి.

జబ్బుపడిన లాబ్రడార్ పిల్ల ఇంటికి చేరింది, అన్నం తింటోంది. ఆసుపత్రి బిల్లు నేను కట్టబోతే వాళ్ల ఇంటావిడ సగమే కట్టనిచ్చారు. జూన్ తరగతికి దాని పేరు రాసుకోమన్నారు. కోలుకున్న పిల్ల నుంచి కూడా కొన్నాళ్లు వైరస్ వెలువడుతుంది కనుక డాక్టరుగారు సరేననేదాకా రాయనని చెప్పాను. ఆవిడ మళ్లీ కోప్పడ్డారు. పుస్తకంలో మొదటి వరస మాత్రం ఖాళీగా ఉంచాను.