సింగిల్‌కి రూమ్ ఇవ్వం అంటే మన పని అయిపోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తా ఉన్నా. ఒంటరిగా వచ్చినోళ్లకి ఇక్కడ చానా లాడ్జీల్లో రూమ్ ఇవ్వరు, ఎందుకో అందరికీ తెలుసు, రూమ్‌లో ఎవరన్నా ఆత్మహత్య చేసుకుంటే పోలీసులు, పేపర్లు, లాడ్జి పేరు పోతుంది. అందుకని "సింగిల్‌కి లేదు సామీ, పక్కన చూసుకోండి" అంటాం, పక్కనోడూ అదే అంటాడు. నేను ఎంతమందికి అన్నానో లెక్క లేదు.

నాలుగేళ్ల కింద ఒకాయన వచ్చినాడు, రాత్రి పదకొండు దాటింది, యాభై ఏళ్లుంటాయేమో, చేతిలో బ్యాగు కూడా లేదు. దర్శనం టోకెన్ ఉందా అంటే లేదన్నాడు, పొద్దున కొండకి పోతారా అంటే పోను అన్నాడు. తిరుపతికి వచ్చి కొండకి పోనోడు యాడుంటాడు? ఆధార్ అడిగితే కార్డు ఇచ్చి "మీ దగ్గరే పెట్టుకోండి, నాకింక దాంతో పనేముంది" అన్నాడు. ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు, కార్డు తిరిగిచ్చేసి రూల్ చెప్పి పంపించేసినా. ఆయన ఏమైనాడో నాకు ఇప్పటికీ తెలీదు.

మా చిన్నమ్మ కూతురు నర్సు, దానికి చెప్తే "అన్నా, ఆయన ఆ మాట అన్నాడంటే నన్ను ఆపి అడుగు అన్నట్టే" అనింది. అప్పటినుంచి మనుషుల్ని చూసే తీరు మారింది నాకు. "నేను లేకపోతే మా ఇంట్లోవాళ్లు బాగుంటారు" అనడం, ఉన్నట్టుండి బాకీలన్నీ తీర్చేసి ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నిద్ర లేకపోవడం, తాగుడు పెరగడం, ఇవి పట్టించుకోవాల్సినవి. అన్నిటికంటే మోసం చేసేది ఏందంటే, నెలలుగా కుమిలిపోతా ఉన్న మనిషి ఒకరోజు సడన్‌గా ప్రశాంతంగా అయిపోతాడు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య తేరుకున్నాడు అనుకుంటారు, కొన్నిసార్లు అది తేరుకోవడం కాదంట, నిర్ణయం తీసేసుకోవడం అంట. ఇంకో రకం కూడా మన ఊర్లో చూస్తాం, రోజుల తరబడి నిద్రపోకుండా సామి నాతో మాట్లాడతాండాడు అని రోడ్డు మీద తిరిగేవాళ్లు, మనం దండం పెట్టి పక్కకి పోతాం. ఆ మనిషితో వాదించకూడదు, ఎగతాళి చెయ్యకూడదు, మెల్లిగా మాట్లాడి వాళ్లవాళ్లు ఎవరో కనుక్కోవాల.

పోయినేడు ఇంకొకాయన వచ్చినాడు, అట్లే ఒంటరిగా. ఈసారి పంపీలేదు, కుర్చీ వేసి టీ తెప్పించి, కాసేపయినాక నేరుగానే అడిగినా, "చచ్చిపోవాలని ఏమన్నా అనుకుంటా ఉన్నారా సామీ?" అని. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం నాకు, పుట్టదంట, డాక్టర్లు కూడా సూటిగా అడగమనే చెప్తారంట. ఆయన అరగంట ఏడ్చినాడు. "పిల్లల మొహం చూసుకో", "నీకేం తక్కువ" లాంటివి నోటిదాకా వచ్చినాయి, మింగేసినా, ఊరికే విన్నా అంతే. తర్వాత 14416కి ఫోన్ కలిపిచ్చినా. అది టెలీమానస్, మనసు బాగాలేనోళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ఆయన ఒప్పుకున్నాక వాళ్ల తమ్ముడికి కూడా చేసినా, ఆ తమ్ముడు వచ్చేదాకా ఒక్క నిమిషం కూడా ఆయన్ని ఒంటరిగా వదల్లేదు, బాత్రూంకి పోయినా బయట నిలబడినా. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే మాత్రం ఆలోచించకుండా 108కి చెయ్యాల, లేదంటే మా ఊరి రుయా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాల, అక్కడ సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ ఉంది. ఇంట్లో అయితే చేనుకి కొట్టే మందులు, మాత్రలు ముందు తాళం వెయ్యండి.

ఎవరన్నా ఆత్మహత్యకి ప్రయత్నిస్తే పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవాళ్లు మా పక్క పల్లెల్లో ఇంకా ఉన్నారు. 2017 మెంటల్ హెల్త్ కేర్ చట్టం ప్రకారం అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాల, శిక్షించేది కాదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరం అనే, పాత ఐపీసీలో ఉన్న 309 సెక్షన్ 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంలో లేనే లేదు.

మీకు కూడా ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. జిల్లా పేజీలో ఆత్మహత్య వార్త వేసేటప్పుడు ఎట్లా చేసుకున్నారో అంత వివరంగా ఎందుకండీ, పైన ఫోటో కూడా. వివరాలు రాయొద్దని, పెద్ద హెడ్డింగులు పెట్టొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది కదా. ఆ జాగాలో 14416 నంబరు ఒక్క లైను వెయ్యండి, చాలు.

మా కౌంటర్ మీద ఆ నంబరు స్కెచ్ పెన్‌తో రాసి అతికించినా. గిరాకీ భయపడుతుందని మా ఓనర్ రెండుసార్లు పీకేసినాడు. నిన్న మళ్లీ అతికించినా.

ఇట్లు,
ఒక లాడ్జి గుమాస్తా, తిరుపతి