చేదు సొరకాయల తప్పు నాదే

నమస్తే అండీ. పోయిన సీజన్‌లో నా దగ్గర పొడుగు సొర విత్తనాలు కొన్నవాళ్లు ముందు ఈ నాలుగు ముక్కలు చదవండి. కాయ కోశాక, వండే ముందు చిన్న పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదనిపిస్తే ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఆ కాయ పారేయండి. వండొద్దు, జ్యూస్ అసలే తీయొద్దు.

కొన్నాళ్ల కిందట ఒకావిడ ఫోన్ చేసి కాయ చేదుగా ఉందన్నారు. నేను తేలిగ్గా తీసుకున్నాను. "నీళ్లు తక్కువయి ఉంటాయండీ, చెక్కు మందంగా తీసి వండుకోండి" అన్నాను. కీరదోసలో తొడిమ దగ్గర, చెక్కు కింద కాస్త చేదు తగిలితే చెప్పే మాట అది. దాన్ని సొరకాయకు అంటగట్టడం తప్పు, ప్రమాదం కూడా. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు అదే చెప్పేసరికి టెన్షన్ పట్టుకుంది. నా పందిరి కింద అవే విత్తనాలతో పెట్టిన ఐదు పాదుల నుంచి ఒక్కో కాయ కోసి చూశాను. రెండు పాదులవి నాలుకకు తగలగానే తెలిసిపోయింది. వెంటనే ఆవిడకు ఫోన్ చేశాను. అదృష్టం, ఆవిడ నా మాట వినకుండా ఆ కాయ అప్పుడే పారేశారట.

ఈ చేదుకు కారణం కుకుర్బిటాసిన్లు. సొర, గుమ్మడి, దోస కుటుంబం మొక్కలు పురుగుల నుంచి తమను కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థాలివి. ఎంత ఉడికించినా పోవు. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. తిన్నాక ఇలా అయితే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి, చేదు సొరకాయ తిన్నామని చెప్పండి. కాకరకాయ చేదు వేరు, దాన్ని చూసి సొరకాయ చేదును తేలిగ్గా తీసుకోవద్దు.

మరి నా విత్తనాల్లోకి ఎలా వచ్చింది? అలంకరణకు ఎండబెట్టి అమ్ముదామని అంతకుముందు కంచె మీద బుర్రసొర పాకించాను. అది చేదు రకం. కూరసొరా అదీ ఒకే జాతి కాబట్టి ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటుకుంటుంది. తమాషా ఏమిటంటే, పుప్పొడి కలిసినా ఆ ఏడు కాయ రుచి మారదు. లోపలి గింజ మారిపోతుంది. అందుకే విత్తనానికి వదిలిన తీగ కాయలు నేను కమ్మగా తిన్నాను, చేదు మీ ఇంటికి వచ్చింది.

ఒక కాయ చేదైతే ఆ పాదులో మిగతావీ నమ్మొద్దు, తీగ పీకేయండి. తీగ కంపోస్టులో వేసుకోవచ్చు కానీ కాయలు వెయ్యొద్దు, గింజలు మళ్లీ మొలుస్తాయి. పశువులకూ పెట్టొద్దు. మిగతా పాదుల కాయలు చేదు లేకపోతే హాయిగా వండుకోండి. ఒక్కో కాయనూ విడిగా రుచి చూడాలి, రెండు కాయల ముక్కలు కలిపాక చూస్తే లాభం లేదు. గోరు సులువుగా దిగేంత లేతగా కోయండి. సొరకాయలో చాలావరకు నీళ్లే, కాబట్టి మూతపెట్టి సన్న సెగ మీద ఉంచితే తన నీటిలోనే మగ్గిపోతుంది. ఉప్పు చివర్లో చూసుకుని వేయండి, ముక్కలు బాగా తగ్గిపోతాయి.

ఆ ప్యాకెట్ కొన్న అందరికీ డబ్బు తిరిగి ఇస్తున్నాను. కాయ చూపించక్కర్లేదు, ఖాళీ కవర్ కూడా అక్కర్లేదు, ఒక మెసేజ్ చాలు. మిగిలిన గింజలుంటే నాటకుండా పారేయండి.

ఈ సీజన్‌లో సొర విత్తనాలు అమ్మడం లేదు. కంచె మీది బుర్రసొర తీసేశాను. కొత్త తీగకు సాయంత్రం పూలు విచ్చుకోకముందే ఆడమొగ్గకూ మగమొగ్గకూ దారం కట్టి, విచ్చుకునే వేళకు చేత్తో పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్లీ మూసి కడుతున్నాను. ఇప్పటికి నిలిచినవి నాలుగు పిందెలే. వాటి గింజలు మొలిపించి, ఆ తీగల కాయలు నేను తిన్నాకే ప్యాకెట్ కడతాను. బీర, కీరదోస విత్తనాలు ఉన్నాయి, వాటికి సొర పుప్పొడి కలవదు. అయినా వాటినీ కోశాక ఒక ముక్క రుచి చూడండి.