కంట్రోల్ నడపని ల్యాబ్ రిపోర్టును నమ్మేదెలా?

సంపాదకులకు నమస్కారం.

వానలు పడ్డాయంటే విశాఖలో ఏ ఇంట చూసినా జ్వరాల మాట, ప్లేట్‌లెట్ల మాట. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మహారాణిపేట మొదలు గాజువాక, మధురవాడ దాకా ల్యాబుల ముందు జనం నిలబడి ఉంటారు. ఒకే మనిషికి ఒకే రోజు రెండు చోట్ల రెండు రకాల అంకెలు వస్తే 'ఆ ల్యాబు మిషన్ మంచిది కాదు' అనేస్తారు. ల్యాబులు కూడా మిషన్ గొప్పతనమే బోర్డు మీద రాయించుకుంటాయి. ఈ పనిలో ఉన్నవాళ్లుగా మేం చెప్పదలుచుకున్నది వేరు. తప్పుల్లో సగానికి పైగా శాంపిల్ మిషన్ దగ్గరికి చేరకముందే జరిగిపోతాయి. మిషన్ దగ్గర జరిగేవి రోజూ కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్, నడిపితే దొరుకుతాయి, నడపకపోతే రోగి చేతికి వెళతాయి.

ప్లేట్‌లెట్లనే తీసుకోండి. సీబీసీకి, అంటే రక్తకణాల లెక్కకు, రక్తం తీసే పర్పుల్ క్యాప్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంటుంది. కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏ తగలగానే గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. అలా ఏ జబ్బూ లేని మనిషికి కూడా 40 వేలని రిపోర్టు రావచ్చు. రక్తం తీశాక ట్యూబును మెల్లగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయకపోయినా చిన్న గడ్డలు కట్టి ఇదే జరుగుతుంది. దీనికి విరుగుడు ఒక గాజు స్లైడు, పది నిమిషాల ఓపిక. లక్షలోపు వచ్చిన ప్రతి కౌంటుకూ స్మియర్ వేసి, అంటే స్లైడు మీద రక్తాన్ని పల్చగా పరిచి, మైక్రోస్కోపు కింద చూడాలి. గుంపులు కనిపిస్తే లేత నీలం క్యాప్ సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. సిట్రేట్ ద్రవం రక్తాన్ని ఆ మేరకు పల్చన చేస్తుంది కనుక ఈ గుణింతం. డెంగీ రోజుల్లో ఈ పని చేయకుండా రిపోర్టు ఇవ్వడం రోగిని ఊరికే ఆసుపత్రిలో చేర్పించడమే.

పొటాషియం కథ ఇంకా ప్రమాదకరం. సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవం) కోసం వాడే రెడ్ క్యాప్ ట్యూబులో రక్తం తక్కువైందని పర్పుల్ ట్యూబులోంచి కాస్త వంపే అలవాటు కొన్ని కలెక్షన్ సెంటర్లలో ఉంది. ఈడీటీఏలో ఉన్నదే పొటాషియం లవణం, పైగా అది కాల్షియాన్ని పట్టేస్తుంది. రోగి నడుచుకుంటూ వచ్చాడు, రిపోర్టులో మాత్రం పొటాషియం 9, కాల్షియం 4 అని ఉందంటే, ముందు ట్యూబు సంగతి అడగాలి. అందుకే ట్యూబులు నింపడానికి ఒక వరస ఉంది: సిట్రేట్, సీరం, హెపారిన్ (ఇదీ గడ్డకట్టనివ్వదు), ఈడీటీఏ, చివర్న షుగర్ పరీక్షకు వాడే ఫ్లోరైడ్. సిరంజితో తీసిన రక్తాన్ని సూదితోనే ట్యూబులోకి గట్టిగా నెట్టితే ఎర్రకణాలు చితికి పొటాషియం బయటికొస్తుంది. చేతికి పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచినా, గుప్పిట పదేపదే మూసి తెరవమన్నా ఫలితం తప్పుతుంది.

ఇక శాంపిల్ ల్యాబుకు చేరే దారి. అనకాపల్లి వైపు పొద్దున 7 గంటలకు తీసిన రక్తం బైకు మీద 11 గంటలకు ల్యాబుకు చేరిందనుకుందాం. వేరు చేయని రక్తంలో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. పరగడుపు షుగర్ 130 ఉన్నవాడికి వంద చిల్లర వస్తుంది, షుగర్ లేదనుకుని ఇంటికి పోతాడు. ఫ్లోరైడ్ ట్యూబు ఉంది కదా అంటారు. అది పూర్తిగా పనిచేయడానికి గంటకు పైనే పడుతుంది, ఆలోపు కొంత తగ్గనే తగ్గుతుంది. చల్లగా పంపితే మంచిదని రెడ్ క్యాప్ ట్యూబును నేరుగా ఐసులో పెట్టేవాళ్లున్నారు. చలికి కణాలు పొటాషియాన్ని లోపల పట్టి ఉంచుకోలేవు, సీరంలో అది పెరిగిపోతుంది. రంగు మారదు కాబట్టి చూసి కనిపెట్టలేం. సరైన పద్ధతి కలెక్షన్ సెంటర్లోనే చిన్న సెంట్రిఫ్యూజ్ (ట్యూబును వేగంగా తిప్పి సీరాన్ని వేరుచేసే యంత్రం) పెట్టడం. ట్యూబును నిటారుగా 30 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, 10 నిమిషాలు తిప్పి, సీరం వేరుచేసి, ఆ తర్వాతే చల్లని పెట్టెలో పంపాలి. రక్తం తీసిన సమయం ట్యూబు మీద రాయాలి. సమయం లేని ట్యూబును వెనక్కి పంపే ల్యాబు మంచి ల్యాబు.

మిషన్ దగ్గరికొద్దాం. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన సీరం. పొడిగా వస్తుంది. 5 మిల్లీలీటర్ల సీసా అయితే కొలిచిన పిపెట్‌తో సరిగ్గా 5 మిల్లీలీటర్ల శుద్ధమైన నీరు పోసి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, 30 నిమిషాలు ఉంచాలి. అందాజుగా సిరంజితో పోస్తే ఆ సీసా బతికినన్ని రోజులూ అన్ని విలువలూ ఒకే వైపు తప్పుతాయి. చిన్న భాగాలు చేసి మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఇందుకు పనికిరాదు, మంచు కరిగించే ప్రతిసారీ అది లోపలి సీరాన్ని కాస్త కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తుంది. మామూలు స్థాయిది ఒకటి, ఎక్కువ స్థాయిది ఒకటి, రోజూ రోగుల శాంపిళ్ల కంటే ముందు నడపాలి. 20 రోజుల విలువలతో సొంత సగటు, ఎస్‌డీ (విలువలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలత) లెక్కగట్టి, రోజుకో చుక్క పెట్టే లీవీ జెన్నింగ్స్ చార్టు గీయాలి. ఒక చుక్క సగటు నుంచి 3 ఎస్‌డీ దాటినా, వరసగా రెండు చుక్కలు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటినా రిపోర్టులు ఆపాలి. చుక్కలు మెల్లగా జారుతుంటే రీఏజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) లేదా మిషన్‌లోని ల్యాంపు పాతబడుతోందని అర్థం. ఒక్కసారిగా ఎగిరితే కొత్త లాట్‌నో (కొత్త బ్యాచ్), కొత్తగా చేసిన క్యాలిబ్రేషన్‌నో (మిషన్ కొలతను సరిచేయడం) అనుమానించాలి.

చాలాచోట్ల జరిగేదేమిటి? సరైన అంకె వచ్చేదాకా కంట్రోల్‌ను మళ్లీ మళ్లీ నడిపి, వచ్చిన దాన్నే పుస్తకంలో రాస్తారు. లేదా కంపెనీ కాగితంలోని విశాలమైన హద్దుల్నే వాడతారు, వాటిలో ఏదైనా పాసవుతుంది. 90 పరీక్షల ప్యాకేజీని కారుచౌకగా అమ్ముకునే పోటీలో కంట్రోల్ ఖర్చే మొదట కోతకు గురవుతుందని మాకు తెలుసు. రోజుకు 20 శాంపిళ్లొచ్చే ల్యాబుకూ, 500 వచ్చే ల్యాబుకూ కంట్రోల్ ఒకే మోతాదులో కావాలి, చిన్నవాళ్లకు భారం ఎక్కువే. అయిదారు ల్యాబులు కలిసి ఒకే లాట్‌ను ఏడాదికి కొనుక్కుంటే ధర తగ్గుతుంది, ఒకరి అంకెలతో ఒకరు పోల్చుకోనూ వచ్చు.

సముద్రపు తేమ గురించి ఒక మాట. యూరిన్ స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే మన ఊళ్లో త్వరగా పాడవుతాయి. మలేరియా పరీక్ష కార్డు కవరును వాడే క్షణంలోనే చింపాలి. పాడేరు దాకా వెళ్లే కిట్లకు ఇది మరీ ముఖ్యం.

బయటినుంచి జరిగే పరీక్షకూ ఏర్పాట్లున్నాయి. బయోకెమిస్ట్రీకి వెల్లూరు సీఎంసీ, హెమటాలజీకి ఢిల్లీ ఎయిమ్స్ విలువ చెప్పకుండా శాంపిళ్లు పంపి ఫలితాలు పోల్చి చూపిస్తాయి. దురదృష్టం ఏమంటే ఆ శాంపిల్‌కు కొన్నిచోట్ల వీఐపీ మర్యాద జరుగుతుంది. అందరికంటే పనిమంతుడు మూడుసార్లు నడిపి, పక్క ల్యాబుకు ఫోన్ చేసి మరీ పంపిస్తాడు. రోగి శాంపిల్‌లాగే ఒక్కసారి నడిపితేనే ఆ డబ్బుకు ఫలితం.

వైద్య ల్యాబుల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 15189 ప్రకారం ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు చిన్న ల్యాబులకు దూరపు మాటే కావచ్చు, అయితే వారి కోసమే ఎన్‌ఏబీఎల్ ప్రవేశ స్థాయి పథకం ఉంది. ఆఫ్రికా దేశాలు ల్యాబులకు సున్నా నుంచి అయిదు నక్షత్రాల దాకా మెట్లు కట్టి, 2009లో కిగాలీలో మొదలైన శిక్షణతో వాటిని ఒక్కో మెట్టూ ఎక్కిస్తున్నాయి. మన దగ్గర ప్రైవేటు వైద్య సంస్థల కోసం చేసిన 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. తనిఖీకి వచ్చినవారు గది, సిబ్బంది సర్టిఫికెట్లు, వ్యర్థాల డబ్బాలతో సరిపెట్టకుండా గత నెల కంట్రోల్ చార్టు, ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉన్నట్టు రోజుకు రెండుసార్లు రాసిన పుస్తకం, తిప్పి పంపిన శాంపిళ్ల జాబితా అడగాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారిని కోరుతున్నాం. తిప్పి పంపినవి ఒక్కటీ లేవంటే ఆ ల్యాబులో ఎవరూ చూడటం లేదని అర్థం.

ఆంధ్ర మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ విభాగం పూనుకుంటే జిల్లాకు సొంత ఏర్పాటు కూడా సాధ్యమే. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ లేవని పరీక్షించిన మిగులు సీరాన్ని అర లీటరు కలిపి, మిల్లీలీటరు చొప్పున సీసాల్లో గడ్డకట్టించి, నెలకొకటి ల్యాబులకు ఇవ్వొచ్చు. గ్లూకోజ్, క్రియాటినిన్, పొటాషియం, ఈ మూడింటితో మొదలుపెడితే చాలు. ఫలితాలు ల్యాబు పేరుతో కాక కోడ్ నంబరుతో పంచుకుంటే చేరడానికి చిన్న ల్యాబులు వెనకాడవు.

— కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, బయోకెమిస్టులు
విశాఖపట్నం